నేను చూడని చెంగ్డు

చెంగ్డు నగరంలో ఏ హోటల్లో ఏ అంతస్తు నుంచి నది కనిపిస్తుందో, ఏ హోటల్లో గదికీ లిఫ్టుకీ దూరం ఎక్కువో, పాండాలు ఉదయం ఎన్నింటి దాకా చురుగ్గా ఉంటాయో నాకు తెలుసు. ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్లలేదు. అసలు చైనాకే వెళ్లలేదు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, లాస్ కొలినాస్ ఆఫీసు టవర్లకి కాస్త ఇవతల, ఇండియన్ గ్రోసరీ స్టోరుకీ ఐబ్రోస్ చేసే పార్లర్‌కీ మధ్య ఉన్న ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో నేను పనిచేస్తాను. చైనా వెళ్లేవాళ్లకి ఖరీదైన హోటళ్లు, భోజనాలు, చూడవలసిన చోట్లు కుదిర్చి పెట్టడం మా పని. వాటి గురించి వెబ్‌సైట్‌లో రాయడం నా పని.

నేను బయటి దేశాలకి వెళ్లకపోవడానికి కారణం మామూలుదే. మా ఆయన వీసా మీద నాకు వర్క్ పర్మిట్ ఉంది. దేశం దాటితే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో మళ్లీ వీసా స్టాంపింగ్ కావాలి. అది ఎప్పుడు దొరుకుతుందో చెప్పగలిగిన మనిషి మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో లేడు. అందుకని సెలవులొస్తే ఆస్టిన్ వెళ్తాం. మిగతా రోజుల్లో నేను ఇతరులని చైనా పంపిస్తూ ఉంటాను.

మా ఓనర్ అరవై దాటిన ఆవిడ. పుట్టింది చెంగ్డులోనే. చదువుకోవడానికి టెక్సస్ వచ్చి ఉండిపోయింది. పొట్టి జుట్టు, ఏసీ చలికి ఎప్పుడూ దూది కుట్టిన చేతుల్లేని కోటు, బల్ల మీద ఫ్లాస్కులో వేణ్నీళ్లు. మాతో ఇంగ్లిష్‌లో, చాలా తక్కువ మాటల్లో మాట్లాడుతుంది. చేరిన కొత్తలో నేనొక హోటల్ గురించి పాలరాతి లాబీ, మెత్తని వెలుతురు, మంద్రమైన సంగీతం అని రెండు పేరాలు రాసి చూపించాను. చదివి, కళ్లజోడు తీసి, "లాబీలో ఎవరూ పడుకోరు. మంచం గురించి రాయి" అంది. అప్పటినుంచి నేను మంచాల గురించే రాస్తున్నాను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది రిటైరైన టెక్సస్ దంపతులు. ఈమధ్య మనవాళ్లూ వస్తున్నారు. వాళ్లు మొదట అడిగేది శాకాహారం దొరుకుతుందా అని. రెండోది అక్కడ మనవాళ్లున్నారా అని.

ఒక ఫిబ్రవరి శనివారం మధ్యాహ్నం, కరివేపాకు కట్టలూ సొరకాయా ఉన్న సంచీతో ఒకావిడ లోపలికొచ్చారు. ఆవిడని ఆంటీ అంటాను గానీ నాకు బంధువు కాదు. ఆ ముందు రెండు మూడుసార్లు గ్రోసరీ లైన్‌లో చూసి ఉంటాను. అరవై ఆరేళ్లు. గుంటూరు వైపు. ఇక్కడి ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఫార్మసిస్ట్‌గా చేసి, ముందటి ఏడాదే రిటైరయ్యారు. అంకుల్ పోయి చాలా ఏళ్లయింది. ఇదంతా కూర్చున్న రెండు నిమిషాల్లో ఆవిడే చెప్పారు.

"ఈ ఫోటోలో ఊరు ఏదమ్మా?" అని నా వెనక గోడ మీద పోస్టర్ చూపించారు.

"చెంగ్డు అండీ. చైనాలో."

"అక్కడ తెలుగువాళ్లుంటారా?"

ఈ ప్రశ్న అందరూ ఆశగా అడుగుతారు. నేను కాస్త మొహమాటంగా, "చదువుకునే పిల్లలు ఒకరిద్దరు ఉంటారేమో ఆంటీ. అసోసియేషన్ లాంటిది ఉన్నట్టు లేదు" అన్నాను.

"అయితే బుక్ చెయ్యి."

నేను పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఆవిడ సంచీ కింద పెట్టి తీరిగ్గా చెప్పారు. "ఒక వారం నన్నెవరూ ఆంటీ అనని చోట ఉండాలి. నువ్వు అనుకో, ఫర్లేదు. బుకింగ్ నీ చేతిలో ఉంది. ముప్పై ఏళ్లు నిలబడి ఉద్యోగం చేశానమ్మా. కూర్చోబెట్టి తిండి పెట్టే హోటల్ చూడు. మంచిది చూడు. మళ్లీ మళ్లీ వెళ్తానా ఏంటి?"

మా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్ద ప్యాకేజీ తీశాను. ఏడు రాత్రులు, ముప్పై అంతస్తుల పైన గది, రోజంతా కారు, ఇంగ్లిష్ వచ్చిన గైడ్, పాండాలు, కొండలో చెక్కిన పెద్ద బుద్ధుడు, రెండువేల ఏళ్లనాటి కాలవలూ ఆనకట్టా, ముసుగులు రెప్పపాటులో మార్చే నాటకం. ఆవిడ ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివారు. ఒక చోట ఆగారు.

"దిళ్లకి మెనూ ఏంటి?"

"ఎనిమిది రకాలుంటాయి ఆంటీ. మీకు కావలసింది చెప్తే గదిలో పెడతారు. పీచుది, పొట్టుది, లావెండర్ వాసనది..."

"పొట్టు దిండు మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది. అది వద్దు. మిగతావి నేను చూసుకుంటా." తర్వాత గొంతు తగ్గించి, "ఆవకాయ పట్టుకెళ్లనా?" అన్నారు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. "అక్కర్లేదు ఆంటీ. చైనా మొత్తంలో బాగా కారం తినే ఊళ్లలో అదొకటి. మిరపకాయ లేనిదే వంట ఉండదు" అన్నాను. వెబ్‌సైట్‌లో ఆ వాక్యం రాసింది నేనే కాబట్టి చాలా నమ్మకంగా అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే మన గుంటూరే" అన్నారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మావాడు నేపర్‌విల్‌లో ఉంటాడు. వాడికి నేను చెప్తా. నువ్వు చెప్పకు" అన్నారు. ఆవిడ కొడుకు ఎవరో కూడా నాకు తెలియదు. సరేనన్నాను.

శాకాహారులు వెళ్లేటప్పుడు మా ఓనర్ వాళ్లకి చైనీస్‌లో ఒక చీటీ రాసిస్తుంది. హోటల్లో, రెస్టారెంట్లో అది చూపిస్తే చాలు. మామూలుగా ప్రింటు చేసినది ఉంటుంది. ఈసారి ఆంటీ వీసా కాగితాల కోసం రెండుసార్లు వచ్చి, ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుని కలిసిపోవడంతో, ఓనర్ ప్రింటుది పక్కన పెట్టి ఒక దళసరి అట్ట మీద చేత్తో రాసింది. అక్షరాలు ఎంత బాగున్నాయంటే ఆంటీ దాన్ని పర్సులో అంకుల్ ఫోటో పక్కన పెట్టుకున్నారు.

ఏప్రిల్‌లో బయలుదేరారు. చెంగ్డు మాకంటే పదమూడు గంటలు ముందు. మొదటి రోజు మంచం ఫోటో వచ్చింది. దుప్పటి మీద పూలరేకులు. కింద "బాగుంది" అని రాశారు. రెండో రోజు మెసేజ్: "చాలా మర్యాద. మరీ ఎక్కువ." మూడో రోజు మాకు సాయంత్రం ఏడింటికి, అంటే ఆవిడకి ఉదయం టిఫిన్ అయ్యాక, ఫోన్ చేశారు. నేను ఇంట్లో మా అమ్మాయి చేత హోంవర్క్ చేయిస్తున్నాను.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతా. ఇక్కడ వీళ్లు నన్ను ఎవరనుకుంటున్నారు?"

"అదేంటి ఆంటీ, గెస్ట్ అనుకుంటున్నారు."

"లేదమ్మా. నేను లిఫ్టు ఎక్కితే అందరూ దిగిపోతున్నారు. నా గది మార్చి చివరికి, ఎవరూ లేని వైపు ఇచ్చారు. గదిలో ఫ్రిజ్ ఖాళీ చేసి తీసుకుపోయారు. టీవీ మీద గుడ్డ కప్పారు. పొద్దున నేను కూర్చోగానే వంటాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని వచ్చి వంగి నమస్కారం పెట్టి వెళ్తున్నాడు. నేనూ పెడుతున్నా. ఏం చెయ్యను?"

"భోజనం ఎలా ఉంది?"

"గంజి," అన్నారు. "మూడు రోజుల నుంచి గంజి. ఉడకబెట్టిన ఆకు. ఉడకబెట్టిన టోఫు. ఉప్పు కూడా మొహమాటపడుతూ వేశారు. పక్క టేబుల్ వాళ్లకి ఎర్రగా, నూనె తేలుతూ, మిరపకాయలు ఇంతింత వేసి ఏదో తెస్తున్నారు. వాసనకి నాకు తుమ్ములొస్తున్నాయి. నేను దాని వైపు చూస్తే వడ్డించే పిల్ల గబగబా వచ్చి మధ్యలో తెర అడ్డం పెడుతోంది."

"నాతో ముందే చెప్పలేకపోయారా ఆంటీ?"

"ఫైవ్ స్టార్ అంటే ఇంతేనేమో అనుకున్నా. నాకేం తెలుసు?"

ఓనర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకా ఆఫీసులోనే ఉంది. తన ఫోన్‌లో ఉన్న చీటీ ఫోటో తెరిచి చదువుకుంది. చాలాసేపు చదివింది. రెండు వాక్యాలకి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"మా నాయనమ్మకి రాసినట్టు రాశాను" అంది చివరికి.

వాళ్ల నాయనమ్మ పెద్ద వయసులో బౌద్ధ దీక్ష తీసుకుందట. మాంసం, చేప, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేసిందట. శాకాహారం అనగానే ఓనర్ చేతికి ఆ పాత మాటలే వచ్చాయి. చీటీలో ఉన్నది ఇది: ఈ పెద్దావిడ శుద్ధాహార వ్రతంలో ఉన్నారు, దయచేసి వ్రతభంగం కాకుండా సహకరించండి. హోటల్ వాళ్లు సహకరించారు. కారం వద్దని చీటీలో ఎక్కడా లేదు. అది వాళ్లు గౌరవం కొద్దీ తీసేశారు.

మర్నాడు సాయంత్రం దాకా ఆగకుండా ఓనర్ అప్పుడే హోటల్ వంటింటికి ఫోన్ చేసి, నన్ను కూడా లైన్‌లో ఉంచింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయితే ఆఫీసులో రోజంతా ఇరవై మాటలు మాట్లాడే మనిషి ఇరవై నిమిషాలు ఆపకుండా, పెద్ద గొంతుతో, మధ్యమధ్య నవ్వుతూ మాట్లాడింది. అవతల వంటాయన కూడా అంతే గట్టిగా మాట్లాడాడు. పోట్లాడుకుంటున్నారనుకుని నేను భయపడ్డాను.

పెట్టేశాక ఏమన్నాడని అడిగాను.

"ఆవిడ సన్యాసిని కాదా అని మూడుసార్లు అడిగాడు. కాదన్నాను. మరి అంత నెమ్మదిగా, అంత ప్రశాంతంగా ఎందుకు నడుస్తారు అన్నాడు. మోకాళ్లు అన్నాను."

"ఇంకా?"

"నా మాట వాళ్ల అమ్మమ్మ మాటలా ఉందట. ఈ పదాలు ఇప్పుడెవరూ వాడరట." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నేను వాడుతున్నాను కదా అన్నాను."

అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి ఆంటీ బల్ల మీదికి టోఫు వచ్చింది. మాంసం లేకుండా, ఎర్రటి నూనెలో. ఫోటో పెట్టారు. పదిహేను నిమిషాల తర్వాత నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ ఊరి మిరియాల గురించి మన వాళ్లకి ముందే చెప్పడం మంచిదని నాకు ఆ మెసేజ్ విన్నాకే తెలిసింది. అవి కారంగా ఉండవు. నోటిని మొద్దుబారుస్తాయి.

"అభ్భాయ్," అన్నారు ఆంటీ. నేను అమ్మాయిని. "డాళుక డేడు. డెంటిస్ట్ ఇంజక్షన్ ఇచ్చినట్టుంది. ఇంకొంచెం పెట్టమన్నా."

అక్కడితో కథ సుఖంగా ముగిసిందని నేనూ ఓనరూ అనుకున్నాం. మర్నాడు గైడ్ దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది. ఆ అమ్మాయికి ఇరవై అయిదేళ్లుంటాయి. చాలా జాగ్రత్త గల పిల్ల. గెస్ట్ పెద్ద బుద్ధుడిని చూడ్డానికి రానంటున్నారు. ఆనకట్ట కూడా వద్దంటున్నారు. పాండాలని చూసి, బాగున్నాయి, పడుకోనివ్వండి అన్నారు. ఇప్పుడు ఊరి మధ్య పార్కులో వెదురు కుర్చీలో కూర్చుని నాలుగు గంటలుగా టీ తాగుతున్నారు. ఇది నా తప్పుగా రాస్తారా అని అడిగింది.

ఆంటీనే అడిగాను.

"బుద్ధుడికేం, ఉంటాడు," అన్నారు. "ఇక్కడ భలే ఉందమ్మా. మూతకప్పులో టీ పోసి, అయిపోతే వేణ్నీళ్లు పోస్తూనే ఉంటారు. ఎవరూ లేవమనరు. చెవులు శుభ్రం చేసేవాళ్లు ఉన్నారు. నేను ఫార్మసిస్ట్‌ని, నా చెవి ముట్టుకోవద్దన్నా. పక్కాయన చేయించుకుంటుంటే చూశా, నిద్రపోయాడు. అదంతా ఒక ఎత్తు. ఇక్కడ బయోడేటాలు కట్టారు తెలుసా?"

"బయోడేటాలా?"

"పెళ్లి సంబంధాలవి! వరసగా అట్టలు. పిల్ల ఎత్తు, చదువు, జీతం, సొంత ఫ్లాట్ ఉందా లేదా. కింద అమ్మలు కుర్చీలేసుకుని కూర్చున్నారు. గైడ్ పిల్ల చదివి చెప్తోంది. ఒకావిడ మావాడి గురించి అడిగింది. పెళ్లయిందని చెప్తే ఎంత బాధపడిందో!"

నేను ఆ పార్కు గురించి రెండు వాక్యాలు రాసి ఉన్నాను. పచ్చదనం, ప్రశాంతత. బయోడేటాల సంగతి నాకు తెలియదు.

గైడ్‌కి భయం లేదని, ఆంటీయే మంచి మాట రాసిస్తారని జవాబిచ్చాను. ఆ పిల్ల ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ పక్కనే కూర్చుని టీ తాగింది.

ఆరో రోజు పొద్దున ఆరూ ముప్పావుకి నా ఫోన్ మోగింది. ఆఫీసు నంబరుకి వచ్చే కాల్స్ పొద్దుటిపూట నా ఫోన్‌కే వస్తాయి. నేను మా అమ్మాయి లంచ్ బాక్స్‌లో పులిహోర పెడుతున్నాను. కొంచెం విరిగిన తెలుగులో ఒక మగ గొంతు.

"హాయ్, సారీ, ఎర్లీగా కాల్ చేస్తున్నాను. నేను నేపర్‌విల్ నుంచి. మా అమ్మ మీ కస్టమర్. ఆమె డాట్ మూవ్ అవ్వట్లేదు."

"ఏంటండీ?"

"లొకేషన్ షేరింగ్. ఆమె డాట్ నిన్న నుంచి ఒక పార్క్‌లో ఉంది. సేమ్ స్పాట్. ఐ మీన్, సేమ్ బెంచ్. అక్కడ నైట్ అయిపోయింది. ఫోన్ ఎత్తట్లేదు. ఈజ్ షీ ఓకే?"

అక్కడ అప్పటికి రాత్రి ఏడూ ముప్పావు. గైడ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయనని లైన్‌లోనే ఉంచి ఓనర్‌ని కలిపాను. ఆవిడ నాలుగో లైన్‌గా హోటల్ రిసెప్షన్‌ని కలిపింది. రిసెప్షన్‌లో అమ్మాయి చాలా మర్యాదగా, నింపాదిగా ఏదో చెప్పింది.

ఓనర్ మాకు తర్జుమా చేసింది. ఆవిడ తర్జుమా ఎప్పుడూ ముక్కకి ముక్క ఉంటుంది.

"ఆవిడ నీళ్లలో ఉన్నారట."

"వాట్ డు యూ మీన్, నీళ్లలో?" అన్నాడాయన.

ఓనర్ మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. "అవును. నీళ్లలోనే ఉన్నారు. అరగంట దాకా పైకి రారట. గైడ్ కూడా నీళ్లలోనే ఉంది."

నేపర్‌విల్‌లో ఏదో కింద పడ్డ చప్పుడు వినిపించింది. ఆయన భార్య గొంతు, పిల్లల గొంతు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మెల్లగా నాకు తట్టింది. ముప్పయ్యో అంతస్తు పైన స్విమ్మింగ్ పూల్ ఉంది. ఈత రానివాళ్లకి ఉచితంగా నేర్పుతారని మూడేళ్ల కిందట ఒక వాక్యం రాశాను. ఇన్నేళ్లలో ఒక్క కస్టమర్ కూడా దాని గురించి అడగలేదు.

"పూలా?" అని గట్టిగా అరిచాను. "స్విమ్మింగ్ పూలా అని అడగండి!"

అడిగింది. పూలే. ఆంటీ నాలుగు రోజులుగా సాయంత్రాలు ఈత నేర్చుకుంటున్నారట. హోటల్ షాపులో పొడుగు చేతుల ఈత దుస్తులు కొనుక్కున్నారట. ఒంటరిగా దిగనని చెప్పి గైడ్‌ని కూడా దింపారట. ఆ పిల్లకీ ఈత రాదు.

"మా అమ్మకి స్విమ్మింగ్ రాదు," అన్నాడు కొడుకు, ఇంకా నమ్మనట్టు. "నన్ను కూడా డీప్ ఎండ్‌కి వెళ్లనిచ్చేది కాదు. ఎవర్."

"ఇవాళ వెల్లకిలా తేలడం నేర్పుతున్నారట," అంది ఓనర్. "బాగా తేలుతున్నారట."

ఆయన థాంక్యూ అన్నాడు. పెట్టేయలేదు. తర్వాత ఇంగ్లిష్‌లో, తను ఎనిమిదేళ్లప్పుడు తల్లి రెండు ఉద్యోగాలు చేసేదని, తనని ఈత క్లాసులో దింపి కార్లోనే నిద్రపోయేదని చెప్పాడు. పులిహోర డబ్బా మూత పెట్టి, అవునండీ అన్నాను. ఓనర్ కూడా ఫోన్ పెట్టలేదు. రిసెప్షన్ అమ్మాయి కూడా లైన్‌లోనే ఉంది. అలా నలుగురం కాసేపు ఉన్నాం.

అరగంటకి ఆంటీ కొడుక్కి ఫోన్ చేసి కేకలేశారు. డాట్ కదలకపోవడానికి కారణం, ముందు రోజు పార్కు నుంచి వచ్చేటప్పుడు ఆవిడే రోమింగ్ ఆపేశారు. హోటల్ వైఫైలో మన యాప్‌లు పనిచేయవు. "నేనే ఆపా," అని నాతో చెప్పారు. "పార్కులో ఉన్నట్టు కనిపిస్తే వాడికి ప్రశాంతంగా ఉంటుందనుకున్నా."

ఏడు రాత్రులు అయ్యాక ఇంకో నాలుగు రోజులు పొడిగించుకున్నారు. పెద్ద బుద్ధుడిని చూడకుండానే తిరిగొచ్చారు.

వచ్చిన వారం ఒక గురువారం మా ఆఫీసుకి వచ్చారు. నాకు ఒక మూతకప్పు, ఓనర్‌కి పార్కులో కొన్న టీ ఆకు పొట్లం. ఓనర్ పొట్లం విప్పి వాసన చూసి, ఫ్లాస్కులో నీళ్లతో ముగ్గురికీ టీ చేసింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. కుర్చీలు ఇంకా వెదురువేనా? చెవులు శుభ్రం చేసేవాడు చేతిలో ఇనప పట్టకారు టంగుమనిపిస్తాడా? చెరువులో పడవలున్నాయా? చెరువుకి ఏ వైపు కూర్చున్నారు? ఆంటీ అన్నిటికీ ఓపిగ్గా చెప్పారు. చెప్పీ చెప్పీ చివరికి, "మీ ఊరే కదండీ, మీకు తెలీదా?" అన్నారు ఇంగ్లిష్‌లో.

"వెళ్లి ఇరవై రెండేళ్లయింది" అంది ఓనర్.

నేను తలెత్తి చూశాను. నాలుగేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్నాను. నేను రాసిన ప్రతి వాక్యాన్నీ ఆవిడ దిద్దింది. ఆవిడ ఏటా వెళ్తుందనే నా నమ్మకం. ఏటా ఒక నెల సెలవు పెట్టేది మరి. అది హ్యూస్టన్‌లో చెల్లెలి ఇంటికట.

"అమ్మ పోయాక ఇల్లు ఇచ్చేశాం. ఆ వీధే లేదిప్పుడు," అంది. "సొంత ఊళ్లో హోటల్లో దిగడం నాకు చేతకాదు. చెంగ్డు హోటళ్లన్నీ నాకు తెలుసు. కౌంటర్ దగ్గర నిలబడి పాస్‌పోర్ట్ ఇవ్వడం, నా వల్ల కాదు."

ఆంటీ టీ ఒక గుక్క తాగి కప్పు దించారు. "నాకూ గుంటూరులో ఇల్లు లేదు. వెళ్తే హోటల్లోనే దిగుతా. మొదటిసారి ఏడ్చా. రెండోసారి వాళ్లే పక్క వేస్తున్నారు కదా అనిపించింది."

ఓనర్ నవ్వలేదు. కప్పులో మళ్లీ నీళ్లు పోసింది.

అక్టోబర్‌లో ఇద్దరూ కలిసి వెళ్లారు. బుకింగ్ నేనే చేశాను. రెండు గదులు, ఒకే అంతస్తు. నన్ను కూడా రమ్మన్నారు. స్టాంపింగ్ సంగతి చెబితే ఇద్దరూ ఒక్కసారే తలలూపారు. ఇద్దరికీ ఆ భాష తెలుసు.

పన్నెండు రోజులు ఆఫీసు నేను చూసుకున్నాను. అయిదో రోజు వాళ్లు పోట్లాడుకున్నారు. ఓనర్ ప్రతిదానికీ వంక పెడుతోందట. టీ రంగు తగ్గింది, టోఫు ముక్కలు చిన్నవయ్యాయి, జనం మాట తీరు మారింది. ఆంటీ, "మీరు తిట్టడానికొచ్చారు, నేను కూర్చోడానికొచ్చాను" అని వేరే బల్లకి వెళ్లి కూర్చున్నారట. మర్నాడు ఓనర్ పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్లి చీకటి పడే వేళకి వచ్చిందట. బూట్ల నిండా మట్టి. ఎక్కడికెళ్లిందో ఆంటీ అడగలేదట. "నేనెందుకు అడుగుతా? నన్నెవరూ అడక్కూడదనే కదా నేనెళ్లింది," అన్నారు నాతో. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పూల్‌లో దిగారు. ఓనర్‌కి ఈత వచ్చు. నదిలో నేర్చుకుందట.

తిరిగొచ్చిన రోజు ఓనర్ యథాప్రకారం తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి, కోటు తొడుక్కుని, మెయిల్స్ చూసుకుంది. మధ్యాహ్నం దాకా నేనూ ఆగి, ఇక ఉండబట్టలేక ఎలా జరిగిందని అడిగాను.

"చెక్-ఇన్ దగ్గర ఒక చిన్నమ్మాయి ఉంది," అంది. "పాస్‌పోర్ట్ చూసి, మా ఊరికి మొదటిసారి వస్తున్నారా అని ఇంగ్లిష్‌లో అడిగింది."

"మీరేమన్నారు?"

"అవునన్నాను."

కంప్యూటర్ వైపే చూస్తూ చెప్పింది. "మ్యాప్ తెరిచి అంతా చూపించింది. ఎక్కడ ఏం తినాలి, ఏ పూట ఎక్కడికి వెళ్లాలి, ఏ వీధిలో పాత ఇళ్లు ఇంకా నాలుగు మిగిలాయి. పది నిమిషాలు చెప్పింది. వెనక లైన్ ఉన్నా తొందరపెట్టలేదు. మంచి పిల్ల." తర్వాత సొరుగు తీసి ఒక మడత పెట్టిన మ్యాప్ నా బల్ల మీద పెట్టింది. నీలం పెన్నుతో ఏడెనిమిది సున్నాలు చుట్టి ఉన్నాయి. "ఇందులో రెండు చోట్లు మన పేజీలో లేవు. చేర్చు."

సాయంత్రం అయిదు లోపు చేర్చాను.